తలుపన్న

"వీడే నిప్పు పెట్టింది! వదలొద్దు!"

కుట్టుమిల్లు వెనకున్న హాస్టల్ ఇంకా పొగలు కక్కుతోంది. వాకిట్లో పాతికేళ్లు కూడా నిండని పరాయిదేశపు కుర్రాణ్ణి నలుగురు పట్టుకున్నారు.

అతని చేతులు బొబ్బలెక్కాయి. తెల్లచొక్కా మసిగుడ్డయింది. చేతిలోంచి లాక్కున్న గునపం కాళ్ల దగ్గర పడివుంది.

ఏదో చెప్పబోయాడు. దగ్గు తప్ప మాట రాలేదు. పొగ అతని గొంతు నొక్కేసింది.

"మత ప్రచారమంటూ వారం రోజులుగా నా హాస్టల్ చుట్టూ తిరుగుతున్నాడు సార్," ఓనరు ఇన్‌స్పెక్టరుతో అన్నాడు. "పిల్లలు వినలేదని అంటించాడు. మావాళ్లు టైముకొచ్చి పదకొండుమందినీ బయటికి లాగారు కాబట్టి సరిపోయింది."

వార్డెనమ్మకి ఒళ్లు మండిపోయింది. మావాళ్లట! ఏ మావాళ్లు?

కానీ నడుముకి వేలాడుతున్న తాళంచెవి మీదికి కొంగు లాక్కుంది.

కుర్రాడు మొదటిసారి వచ్చింది సోమవారం. ఆ ప్రచారకులు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా తిరుగుతారట. జతగాడు జ్వరంతో పడకేస్తే ఒక్కడే వచ్చాడు. మిల్లులో రాత్రి షిఫ్టు చేసొచ్చిన ఆడపిల్లలు పగలు పడుకునే గది తలుపు కొట్టాడు.

రెండు దెబ్బలు. కాస్త ఆగి, మెల్లిగా ఇంకొకటి.

"తలుపు తెరుచుకోదన్నా!" లోపల్నుంచి ఓ పిల్ల అంది.

"చింత వలదు సోదరీ. ఒంటరిగా ఉన్నవేళ స్త్రీల గదిలోనికి ప్రవేశించుట మాకు నిషిద్ధము," అన్నాడు, వ్యాకరణ పుస్తకం మింగినవాడిలా.

లోపల నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లోనే అతనికి 'తలుపన్న' అని పేరు పడిపోయింది.

ఇక రోజూ వచ్చాడు. అదే చప్పుడు, గుమ్మం ముందు అదే మెట్టు. దేవుడి సంగతి రెండు ముక్కలు చెప్పేలోగా పిల్లలు వాళ్ల ఊళ్ల సంగతులు ఇరవై చెప్పేవాళ్లు. బుధవారం ఒక పిల్లకి ఒళ్లు కాలుతోందంటే, జతగాడి మాత్రల్లోంచి రెండు తలుపు కిందనుంచి తోశాడు. అతని మొహం వాళ్లు చూడలేదు. వాళ్ల మొహాలు అతను చూడలేదు.

గురువారం తిన్నగా వార్డెనమ్మ దగ్గరికే వచ్చాడు.

"అమ్మా, మనుషులు లోపల. తాళము బయట. ఏల?"

"దొంగల భయం నాయనా."

"దొంగ కొరకైతే గడియ లోపల ఉండవలెను గదా?"

పోయిన నెల ఇద్దరు పిల్లలు వేరే మిల్లుకి వెళ్లిపోయాక ఓనరు వేయించిన తాళం అది. "నన్నడక్కుండా తీశావో, నీ ఉద్యోగం ఊడినట్టే," అని కూడా అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో," అని కుర్రాణ్ణి గదిమింది.

శుక్రవారం అతను కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లి మొర పెట్టుకున్నాడు. "నువ్వొచ్చింది ప్రార్థనలకా, తనిఖీలకా?" అని అక్కడి గుమాస్తా బయటికి తోలాడు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం మెట్ల కింద కరెంటు వైర్లు అంటుకున్నాయి.

అప్పుడు వార్డెనమ్మ ఏం చేసింది? తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని ఓనరుకి ఫోన్ చేసింది. తాళం తియ్యమంటారా అని అడగడానికి!

ఆయన ఎత్తలేదు. మళ్లీ చేసింది. లోపల పిల్లలు తలుపు బాదుతున్నారు, బయట ఈవిడ నంబరు నొక్కుతోంది. మూడోసారి రింగవుతుండగా, మొహానికి తడిగుడ్డ చుట్టుకున్న కుర్రాడు గునపం పట్టుకుని ఆవిణ్ణి దాటుకుంటూ పొగలోకి దూరిపోయాడు.

మంటలు ఆరాక తీరిగ్గా దిగాడు ఓనరు. దిగగానే చేసిన పని, బూడిదలో పడివున్న తాళంకప్పని జేబురుమాల్లో చుట్టి జేబులో వేసుకోవడం. అదీ చూసింది వార్డెనమ్మ.

"అమ్మాయిలూ," ఇన్‌స్పెక్టరు పిలిచాడు. "ఇతన్ని ఎప్పుడైనా చూశారా?"

పదకొండుమందీ కుర్రాణ్ణి ఎగాదిగా చూశారు. తలలు అడ్డంగా ఊపారు.

"లేదు సార్."

"గదికి తాళం వేసివుందా?"

వాళ్లు ఓనరు కళ్లలోకి చూశారు. తలలు దించుకున్నారు.

"తాళమేంటి సార్! ఇదేమైనా జైలా?" ఓనరు నవ్వాడు.

కుర్రాణ్ణి పోలీసు వ్యానులో ఎక్కించి తలుపేశారు. ఇంజను స్టార్టయింది.

అప్పుడు వినబడింది, వ్యాను తలుపు మీద, లోపలి వైపునుంచి.

రెండు దెబ్బలు. కాస్త ఆగి, మెల్లిగా ఇంకొకటి.

జ్వరప్పిల్ల గిరుక్కున తిరిగింది.

"ఒసేయ్! మన తలుపన్నేనే!"

పదకొండుమందీ పరిగెత్తి వ్యానుకి అడ్డంగా నిలబడ్డారు. "ఈయన నిప్పు పెట్టే మనిషి కాదు సార్! దించండి సార్!"

"పొగ తలకెక్కినట్టుంది వీళ్లకి," ఓనరు వార్డెనమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వైనా చెప్పు. పెద్దదానివి, ఇన్నేళ్లుగా మా ఉప్పు తింటున్నావు. తాళం ఉందా?"

వార్డెనమ్మ కొంగు తొలగించింది. తాళంచెవి తీసి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది.

"దీని కప్ప జేబురుమాల్లో ఉంది సార్, ఈయన జేబులోనే. ఇంకా వేడి ఆరివుండదు, చూడండి. తలుపు పగలగొట్టి పిల్లల్ని లాగినవాడు మీ వ్యానులో ఉన్నాడు. తాళం వేసింది నేను. వేయించింది, ఇదిగో, ఈ ఓనరు!"