మెడ వంకర నెమలి చద్దరు

ఆ స్క్రూ తల మీద గీత ఉండాలి. లేదు.

పెంటయ్య కళ్లద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. పోయిన దసరాకు ఆ స్క్రూ తల అరిగిపోతే ఆక్సా బ్లేడుతో తన చేత్తో తానే గీత కోశాడు. ఇప్పుడు చూస్తే తల నిక్షేపంగా ఉంది.

"బాలమణీ! నా బండి ఎవరన్న మెకానిక్‌కు ఇచ్చినవా?"

గడప మీద కూర్చుని బీడీలు చుడుతున్న భార్య తలెత్తలేదు. "నన్ను ముట్టనిస్తవా నీ బండిని? ముందుగాల నా చాటలకెళ్లి ఆ ఇస్క్రూలు తియ్యి. తంబాకు బదులు అవ్వే చుట్టి కార్ఖాన్ల ఇయ్యమంటవా?"

పెంటయ్య నవ్వలేదు. రేపు మార్కండేయ రథం ఊరేగింపు. సోలాపూర్ దాజీ పేట్‌లోని మగవాళ్లంతా రథం ముందు బండ్ల మీద వెళతారు. తన బండి ఇంజన్ కవరేమో ఉప్పు పేరినట్టు తెల్లగా పొక్కులు లేచిపోయింది. దాన్ని ఊడదీసి, రుద్ది, రంగు వేసి పొద్దుగూకేలోపు బిగించాలి. ఎందుకంటే ఆ ఊరేగింపులో అన్న రామచంద్రం కూడా ఉంటాడు.

అన్నదమ్ములది ఒకటే వాకిలి. బండ్లు కూడా ఒకే రోజు కొన్న ఒకే రకం నల్లవి. మగ్గాలు పంచుకున్న నాటి నుంచి మాటలు మాత్రం లేవు. గోడ పక్కన అన్న బండి రాత్రి వానకు తడిసి ముద్దయి ఉంది. పెంటయ్య దానివైపు కన్నెత్తి చూడలేదు. అన్నకు సంబంధించినది ఏదైనా సరే, చూడకుండా ఉండటం ఆయనకు అలవాటైపోయింది.

తన బండికి తడిసే బాధ లేదు, పైన చద్దరు ఉంది. తాను నేసిందే. మగ్గం మీద బొమ్మ దించే నమూనా అట్ట ఒకటి తారుమారై నెమలి మెడ వంకర పోయింది, కొనేవాడు లేక ఇంట్లో మిగిలింది. సోలాపూర్ అంతా గాలించినా అలాంటి నెమలి ఇంకోటి దొరకదు. సన్నటి తుంపర ఇంకా పడుతూనే ఉందని, ఆ చద్దరును ఇంజన్ వరకే పైకి మడిచి పనిలో దిగాడు.

నిన్న బండిని గోడ పక్కన పెట్టినట్టు గుర్తు. ఇవాళ నీళ్ల డ్రమ్ము దగ్గరుంది. సరే, ఎవరో జరిపి ఉంటారనుకున్నాడు.

కవరు మొండికేసింది. సందుల్లో డీజిల్ పోసి, కర్ర అడ్డం పెట్టి చుట్టూ మెల్లగా తట్టగా తట్టగా చివరికి ఊడింది. లోపల చూసి పెంటయ్య నోరు తెరిచాడు. నూనె కారకుండా కవరు కింద తాను వేసింది మగ్గం నమూనా అట్టలోంచి కత్తిరించిన ముక్క. అది లేదు. దాని చోట కంపెనీ గాస్కెట్ ఉంది.

ఆయన కవరు కింద పెట్టి గడప వైపు తిరిగాడు.

"నాకు మతి పోతున్నదే, బాలమణీ."

ఈసారి ఆమె చుడుతున్న బీడీ వదిలేసింది. "ఏంది గట్లంటున్నవ్?"

"చేసింది గుర్తున్నది. చేసిన పని కండ్లకు కనిపిస్తలేదు. అమ్మకు గూడ గిట్లనే షురువైంది."

చివరి రోజుల్లో ఆ తల్లి ఆయన మొహంలోకే చూసి "నువ్వెవరి కొడుకువు, నాయనా?" అని అడిగింది. ఆ మాట గుర్తొచ్చి పెంటయ్య నిజంగానే భయపడ్డాడు.

అంతలో ఇంకో వింత. వదిన సీతాబాయి ఎదురుగా వచ్చి గ్లాసు అందించింది. "చాయ్ తాగు, పెంటయ్యా. పొద్దటి సంది వంగి చేస్తున్నవ్."

మాటలు పోయాక ఆ గుమ్మంలోంచి చాయ్ రావడం ఇదే మొదలు. ఆమె వెనక అన్న గుమ్మానికి ఆనుకుని తననే చూస్తున్నాడు. ఏమీ అర్థం కాలేదు. వద్దనే ఓపిక కూడా లేక తాగేశాడు.

తుంపర ఆగింది. ఎమరీ పేపరుతో రుద్ది, వెండి రంగు వేసి, ఎండకు ఆరబెట్టి, సాయంత్రానికి కవరు బిగించాడు. అద్దంలా మెరిసింది. కిక్కు కొట్టి చూద్దామని చద్దరు పూర్తిగా లాగేశాడు.

నంబరు ప్లేటు అన్న బండిది.

పెంటయ్య గోడ దగ్గరికి పరుగెత్తాడు. తడిసిన బండికి తన నంబరే ఉంది, స్క్రూ తల మీద తన గీతే ఉంది. మతి పోలేదు! కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"ఎవల్రా నా చద్దరు తెచ్చి ఈ బండి మీద కప్పింది? ఫుకట్‌ల చాకిరి చేపిచ్చుకున్నరు గదా! పగోని బండికి రంగేసిన్నా నేను?"

"దేవుని తోడు, నాకు తెల్వదు," అంది బాలమణి. సీతాబాయి తన భర్త వైపు చూసింది.

రామచంద్రం మెట్లు దిగి వచ్చాడు. మెరుస్తున్న కవరు మీద చెయ్యి వేయబోయి, ఆగి, తమ్ముడి భుజం మీద వేశాడు.

"రాత్రి వానల నువ్వే లేచొచ్చి కప్పినవ్ రా, పెంటయ్యా. 'అన్న బండి తడుస్తున్నది' అనుకుంట."