సీటు వదులుకోం

“ఈ ఒక్క ఏడాదికి సీటు వదిలేయండి. కొంపేం మునిగిపోదు,” అంది పెద్దమ్మ. కాలేజీ నుంచి వచ్చిన కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

“వదలం,” అంది అమ్మాయి. కాగితాన్ని మళ్లీ తిరగేసింది.

“వదలం,” అంది అమ్మ కూడా, కుడుతున్న ప్యాంటు మీంచి తలెత్తకుండానే.

ఐదింటిలోగా సంతకం పెట్టి ఫొటో తీసి పంపకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. కాలేజీ నూట ఎనభై కిలోమీటర్ల దూరం. హాస్టల్లో ఉండాలి. అప్పటికే మూడున్నర.

పెద్దమ్మ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. చెల్లెలు గానీ చెల్లెలి కూతురు గానీ ఎదురు చెబితే ఆమెకు గిట్టదు. ఇవాళ ఇద్దరూ ఒక్కటైపోయారు.

“ఏదన్నా అయితే ఎవరు పరిగెత్తాలి? పోయినేడు ఆస్పత్రి బెంచీ మీద పదకొండు రోజులు కూర్చున్నది నేను. మళ్లీ కూర్చునే ఓపిక నాకు లేదు తల్లీ.”

కుట్టుమిషను ఆగింది.

ఆ ఆస్పత్రి తర్వాతే క్లాసు మొదలైంది. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే ఆవేశం ముంచుకొచ్చినప్పుడు తమాయించుకోవడం నేర్పే చికిత్స. పెద్దమ్మకు నోరు తిరగక ‘డైలాగుల క్లాసు’ అంటుంది. ప్రతి మంగళవారం తల్లీకూతుళ్లిద్దరూ వెళ్తారు. ‘మీరిలా అవడానికి కారణాలున్నాయి. అయినా మారాల్సింది మీరే. రెండూ నిజమే,’ అంది టీచరు మొదటి రోజే. చేయి కోసుకోవాలనిపిస్తే ముందే టీచరుకు ఫోన్ చేయాలి. అప్పుడు ఎంతసేపైనా మాట్లాడుతుంది. కోసుకున్నాక చేస్తే మాత్రం ఒక రోజంతా మాట్లాడదు.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కార్డు. కోపం ఎంత, ఏడుపు ఎంత, చచ్చిపోవాలన్న కోరిక ఎంత. రోజూ సున్నా నుంచి ఐదు దాకా అంకె వేయాలి. వేసేది అమ్మాయి. అమ్మ పక్కనే నిలబడుతుంది. ఒక అంకె తగ్గించి వేసినా ఊరుకోదు.

“ఎందుకే అంత పట్టుదల?” పెద్దమ్మ గొంతు పెంచింది. “ఈ ఇంట్లోంచి ఈ పిల్ల తండ్రి వెళ్లిపోయింది ఈ గోల పడలేకే కదా!”

అమ్మాయి మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున లేచి వంటింట్లోకి వెళ్లింది. అమ్మ వెనకే వెళ్లింది. తలుపు మూసుకుంది. స్టీలు గిన్నెలో ఐసు ముక్కలు పడ్డ చప్పుడు. నీళ్ల చప్పుడు. తర్వాత ఒకటి నుంచి ముప్ఫై దాకా లెక్క. కాస్త ఆగి, మళ్లీ ముప్ఫై.

బయటికొచ్చేసరికి ఇద్దరూ తడిసి ఉన్నారు.

“ఇదేం వైద్యమమ్మా! గిన్నెడు నీళ్లలో మొహం ముంచితే బుర్ర బాగుపడుతుందా?”

“గుండె దడ తగ్గుతుంది పెద్దమ్మా. దడ తగ్గితే బుర్ర మాట వింటుంది,” అంది అమ్మాయి. “మేం ఇంట్లో కంచం పగలగొట్టి ఎన్నాళ్లయిందో తెలుసా?”

“ఆ టీచర్నే అడుగుతాను ఉండు.”

పెద్దమ్మ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. ఉన్నదంతా ఏకరువు పెట్టింది.

“ఎవరి బదులూ నేను మాట్లాడనండీ,” అంది టీచరు చల్లగా. “అడగడం ఎలాగో నేర్పాను. నేర్చుకున్నవాళ్లే మీతో మాట్లాడతారు.”

పెద్దమ్మ ఫోన్ బల్ల మీద పెట్టింది. “పెట్టేసింది! హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన నాతో మాట్లాడుతూ ఫోన్ పెట్టేసింది!”

అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. తొందర పడలేదు. ఒక్కో మాటా కుట్టు వేసినట్టు వేసింది.

“అక్కా, పదకొండు రోజులు నువ్వు నిద్ర లేకుండా కూర్చున్నావు. నిజం. నీకు భయం. అదీ నిజం. ఇవాళ్టికి నూట నలభై రోజులుగా ఈ ఇంట్లో చిన్న గీత కూడా పడలేదు. అదీ నిజమే. నువ్వు అలా మాట్లాడితే మాకు నొప్పేస్తుంది. సీటు వదులుకోం. నువ్వు ఆశీర్వదిస్తే సంతోషం. లేకపోతే నీ కోపంతోనే పంపుతాను.”

ఇంత పొడుగు మాట, అరవకుండా, ఈ ఇంట్లో పెద్దమ్మ ఎప్పుడూ వినలేదు.

అమ్మాయి సంతకం పెట్టింది. ఫొటో వెళ్లిపోయింది. నాలుగు పది.

“సరే, మీ ఇష్టం! మరి మంగళవారం క్లాసు మాటేమిటి?” పెద్దమ్మ ఆఖరి ప్రయత్నంగా అడిగింది. “చెరో ఊళ్లో ఉంటే ఎలా వెళ్తారట?”

“ఆస్పత్రిలో పడుకున్నది నేను, క్లాసు నాది, ఇక దానికి నా కూతురు కాపలా ఎందుకక్కా, నేనొక్కదాన్నే వెళ్తాను,” అంది అమ్మ.