మూడు కూతల లోపు

ఓటుపెట్టె వచ్చినప్పుడు ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను ఉన్నాం. మా తీర నియోజకవర్గంలో ఏ ఇంటివాళ్లు పాత ఎన్నికల్లో ఎవరికి వేశామని చెప్పారో చదివి, అదే ఇప్పుడు అందరి ఓట్లూ వేస్తుంది. కాదనేవాళ్లు అది మూడుసార్లు కూసేలోగా తమ ఓటు ఎవరికో దానికి పైకి చెప్పాలి.

ఇది నా మొదటి ఓటు. పొద్దున్నుంచీ కాలు నిలవడం లేదు.

"పన్నెండు ఎన్నికల్లోనూ పడవ గుర్తే. మూడు ఓట్లూ పడవకే," అని పెట్టె కూసింది.

నాయనమ్మ నాన్నవైపు తిరిగి పకపకా నవ్వింది. "ఓలమ్మ! నానెప్పుడేసినాన్రా పడవకి? మీ అయ్యకి పడవని సెప్పి గొడుగుకేసీదాన్ని."

"నువ్వూరుకోయే అమ్మా!" అన్నాడు నాన్న.

రెండో కూత. కాదనబోయి, నాన్న మొహం చూసి ఆగిపోయాను. నాయనమ్మ పెట్టెను నా చేతిలో పెట్టి, నన్ను వంటగదిలోకి నెట్టింది.

"ఓటేసీకాడ మాకు అట్ట సాటుండీది. నీకిదే సాటు. సెప్పియ్యే గుంటా," అని తలుపు మూసేసింది.