బురదగుంట స్టాపు

చిన్న ప్రాణుల్ని వీపు మీద ఎక్కించుకుని అడవంతా తిప్పడానికి గేదె ఒప్పుకుంది. స్టాపులకి పేర్లు పెట్టే పని కప్పనైన నాకిచ్చారు. నా గొంతు చూసి ఇచ్చారు గానీ, బుర్ర చూసి కాదు.

"మీ బురదగుంటని బురదగుంట అంటే చాలదా, కప్ప బావా?" అంది ఉడత.

"మా పరువేం కాను?" అని కసిరి, మా తాత పేరు పెట్టాను: "వర్షగాన విశారద మహామండూక భూపతిగారి మజిలీ." పూర్తి పేరు పలికితేనే గేదె ఆగాలన్న రూలు కూడా నాదే.

మొదటిరోజే, మా గుంట కనబడగానే పేరు అందుకున్నాను. "భూపతిగారి" దాకా వచ్చేసరికి గుంట వెనకబడిపోయింది.

"అక్కా, ఆపు! బురదగుంట! బురదగుంట!"

"ఆ స్టాపు నువ్వే తీసేశావుగా తమ్ముడూ," అంది గేదె.

తర్వాతి స్టాపులో దిగి, ఎండలో వెనక్కి గెంతుతుంటే ఉడత ఎదురై, ఎక్కడికని అడిగింది.

"వ్యాయామానికి," అన్నాను.