ఎడమ చెవి

1983 జూన్ 20, సోమవారం. గుమ్మఘట్ట దగ్గర కరువు పని కింద రోడ్డు వేస్తున్న చోట, కూలి ఆడవాళ్ళ పిల్లలను వరుసగా నిలబెట్టి, కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు.

అందితే అయిదేళ్ళు నిండినట్టు. అందకపోతే నిండనట్టు.

ఆ పిల్లల్లో ఒక్కరికీ పుట్టిన తేదీ కాగితం లేదు.

పరీక్ష పెట్టింది శిశు సంక్షేమ సూపర్‌వైజర్ వెంకటలక్ష్మమ్మ. రాయదుర్గం నుంచి పొద్దున బస్సుకు వచ్చింది.

అయిదేళ్ళలోపు పిల్లలు ఇరవై మంది ఉంటే పని దగ్గరే షెడ్డు వేస్తారు. పిల్లలను చూసే ఆయాకు జీతం, పిల్లలకు మధ్యాహ్నం ఉప్మా సర్కారు ఇస్తుంది. పంతొమ్మిది మంది ఉంటే ఏమీ ఇవ్వదు.

చంకలో ఉన్నవాళ్ళతో కలిపి అక్కడ ఇరవై మంది ఉన్నారు.

హనుమంతమ్మ మట్టి తట్ట దించి వచ్చి నిలబడింది. ఆమె చంటిదాన్ని ఎండాకాలమంతా పెద్దకూతురు లక్ష్మీదేవి ఎత్తుకుంది. లక్ష్మీదేవిది మూడో తరగతి. బడి తెరిచి వారమైంది. షెడ్డు పడిన రోజే పిల్లను పంపిస్తానని హనుమంతమ్మ బడిలో పాఠాలు చెప్పే ఐవారితో చెప్పి వచ్చింది. పడకపోతే పంపనని కూడా చెప్పింది.

వెంకటలక్ష్మమ్మ ముందు నోటితోనే అడిగి చూసింది.

"వీడు ఎప్పుడు పుట్టినాడమ్మా?"

"కరువప్పుడు మేడం."

"ఏ కరువు?"

"పెద్ద కరువు."

"ఏది పెద్దది?"

"పెద్దది కానిది యాడుండాది మేడం? నువ్వే చెప్పు" అంది బయమ్మ. ఆ కూలీల ముఠాలో అందరికన్నా పెద్దది ఆమే.

ఆడవాళ్ళు నవ్వారు. వెంకటలక్ష్మమ్మ కూడా నవ్వి, చెవి పరీక్ష మొదలుపెట్టింది.

మొదటి పిల్లకు అందలేదు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

రెండోవాడు తన జుట్టే పట్టుకున్నాడు. మళ్ళీ చప్పట్లు.

మూడోది పక్కవాడి చెవి పట్టుకుంది. వాడు ఏడ్చాడు.

"అది లెక్కలోకి రాదులే" అంది వెంకటలక్ష్మమ్మ.

వరుస చివర గౌస్‌బీ కొడుకు బాబయ్య ఉన్నాడు. చివర నిలబెట్టింది గౌస్‌బీనే. అంతమందిని చూసి చూసి కడకు వచ్చేసరికి మేడంకు విసుగొస్తుందని ఆమె లెక్క.

"అందినా అందనట్ల ఉండల్ల. తెలిసిందా?" అని, పరీక్ష సంగతి ముందే విని, పొద్దున్నే వాడికి చెప్పింది. ఒప్పుకున్నందుకు బెల్లం ముక్క ఇచ్చింది.

ఇంకో సంగతి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడు బడిలో ఐవారు బాబయ్యకు ఇదే పరీక్ష పెట్టారు. వేలు చెవి దాకా పోలేదు. వచ్చే ఏడు రమ్మని పంపేశారు. అప్పటినుంచి వాడు రోజూ చెయ్యి సాగదీసుకుంటున్నాడు.

ఇప్పుడు తన ముందున్న వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు తప్పడం చూశాడు.

వంతు వచ్చింది. బెల్లం ఇంకా బుగ్గలోనే ఉంది. చెయ్యి తల మీదుగా పోయింది. వేలి కొస చెవిని పట్టి కిందికి లాగింది.

"అందింది! మేడం, చూడు, అందింది!"

చప్పట్లు లేవు.

"వదల్రా" అంది గౌస్‌బీ.

వాడు వదల్లేదు.

"తల వంచినాడు మేడం. దొంగాట. మళ్ళీ పెట్టు" అంది బయమ్మ.

మళ్ళీ పెట్టారు. ఈసారి తల నిటారుగా ఉంది. రెండు వేళ్ళు అందాయి.

మేస్త్రీ ఈరన్న వాళ్ళ దగ్గరికి వచ్చాడు. "రాసుకో మేడం. ఒక్కడే కదా."

"పోయిన ఊర్లో ఇట్లనే ఒక్కణ్ణి ఎక్కువ రాసినానప్పా. పైవాళ్ళు వచ్చి మళ్ళీ చెవి పట్టిచ్చినారు. నా ఇంక్రిమెంటు పోయింది."

హనుమంతమ్మ ముందుకు వచ్చింది. "మేడం, ఇరవై మందికి ఉప్మా పెట్టేటోళ్ళు పంతొమ్మిది మందికి పెట్టలేరా? ఒకరి దుడ్లు మిగిలేది సర్కారుకే కదా?"

"నేనూ అదే అడిగినానమ్మా ఆఫీసులో."

"ఏమన్నారు?"

"ఇరవై అంటే ఇరవై అన్నారు."

వెంకటలక్ష్మమ్మ గొడుగు తెరిచింది. "బస్సు వచ్చేవరకు ఈడే ఉంటా. ఇంకొక బిడ్డ యాడన్నా ఉంటే పిల్చకరాండి."

పక్క ముఠాలో వెతికారు. అక్కడి పిల్లలంతా ఈ వరుసలోనే ఉన్నారు. బయమ్మ కడుపుతో ఉన్న తన కోడలిని చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది.

"దీనికి వచ్చే నెల కానుపు. రాసుకో మేడం. ఈ బిడ్డకు చెవి అందదు, నాది పూచీ."

"పుట్టినాక రాస్తా పెద్దమ్మా."

బస్సు వచ్చింది. వెంకటలక్ష్మమ్మ పంతొమ్మిది అని రాసి సంతకం చేసింది. బస్సెక్కే ముందు గౌస్‌బీ వైపు తిరిగింది.

"వీణ్ణి బడికి పంపమ్మా. వయసొచ్చింది."

ఆడవాళ్ళు పనిలోకి పోయారు. గౌస్‌బీ హనుమంతమ్మ పక్కన నిలబడింది.

"కొట్టల్లా అక్కా వీణ్ణి?"

హనుమంతమ్మ తట్టలోకి మట్టి లాగుతోంది.

"వాణ్ణెందుకు కొడతావు? పట్టు, ఈ తట్ట ఎత్తు."

గౌస్‌బీ ఎత్తింది.

మంగళవారం బాబయ్య బడికి పోయాడు. ఐవారు పేరు రాసుకున్నారు. వాడి చేతిలో పలక ఉంది. పలక చెక్క మీద మేకుతో గీసిన పేరు లక్ష్మీదేవిది.