గూట్లో దొరకని నేర్పు

వాగు ఒడ్డున ఉండే వడ్రంగిపిట్టకి ఒకటే పట్టుదల. ముక్కుకి తగిలితేనే ఉన్నట్టు, తగలకపోతే లేనట్టు. ఒకరోజు ఈతచెట్టుకి వేలాడుతున్న గిజిగాడి గూడు చూసి, ఇంత నేర్పు ఎక్కడ దాక్కుందో తేల్చేద్దామని పోచ పోచా పీకి నేలమీద పరిచింది.

గిజిగాడు తిరిగొచ్చేసరికి ఈతమట్టకి గూడు లేదు. వానాకాలమేమో ముంచుకొస్తోంది.

"మొత్తం వెతికానోయ్! ఇంత గడ్డీ, కాస్త బురదా. నేర్పూ లేదు, గీర్పూ లేదు," అంది వడ్రంగిపిట్ట.

గిజిగాడికి ఏడుపొచ్చినంత పనయింది. "ఆ గడ్డి అంతా నీ ముందే ఉందిగా మావా, అల్లు చూద్దాం."

పొద్దువాలేదాకా తంటాలు పడ్డా వడ్రంగిపిట్టకి ఒక్క ముడీ నిలవలేదు. "నీకెవరు నేర్పారు?" అంది చివరికి, చిన్నబోయి.

"ఎవరూ నేర్పలేదు. ఒక ముడి వేస్తే తర్వాతిది లోపల్నించి తెలుస్తుంది. నీకు తొర్ర తొలచడం ఎవరు నేర్పారు మావా?"

అడవిలో వడ్రంగిపిట్ట పొడిచి చూడని చెట్టు లేదు. తనలోకి మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని చూసుకుంది.

తర్వాత కిందికి దిగి, ఒక పోచ తెచ్చి గిజిగాడికి అందించింది.

"నువ్వు అల్లు. పోచలు నేనందిస్తాను. ఈసారి పీకను, చూస్తాను."