చాయలో దుమ్ము

"ఈ బొగ్గు దుమ్ములో యూనివర్సిటీ కాలేజీ ఎందుకమ్మా? మెయిన్ క్యాంపస్‌కు మార్చేస్తే పోతుంది," అన్నాడు వేణుమాధవ్.

గోదావరిఖని పీజీ కాలేజీని ఉంచాలా, తరలించాలా తేల్చడానికి హైదరాబాద్ నుంచి ఇద్దరొచ్చారు. మాటలన్నీ వేణుమాధవ్‌వే. తేల్చాల్సిన కమిటీ ఛైర్మన్ జగదీశ్వర్ మాత్రం పొద్దుటి నుంచి పెదవి విప్పలేదు. లెక్చరర్ శాలినికి ఆ మౌనమే గుబులుగా ఉంది. అయినా తగ్గలేదు.

"మార్చితే సగం మంది చదువు మానేస్తరు సార్. గనిల నైట్ షిఫ్టు డ్యూటీ దిగి, తానం చేసి క్లాసుకొచ్చేటోళ్లున్నరు. పొద్దున్నే వంట చేసిపెట్టి రామకృష్ణాపూర్ నుంచి వచ్చే కోడళ్లున్నరు. వాళ్లకు హాస్టల్ కాదు సార్, సాయంత్రానికి ఇల్లు చేరే కాలేజీ కావాలె."

"కోడళ్ల సంగతి సరే. చదువుకునే వాతావరణం ఏదీ?"

అటెండర్ సదానందం అందరి ముందూ చాయ కప్పులు పెట్టాడు. శాలిని జవాబివ్వబోయింది.

సైరన్ కూసింది.

ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్‌కు ముందు రోజూ కూసేదే. శాలిని మాట ఆపి కప్పు మీద అరచేయి పెట్టింది. సదానందం కెటిల్ మూత బిగించాడు. ఈ ఊళ్లో పెరిగిన చేతులకు అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏమ్మా, జవాబు లేదా?" నవ్వాడు వేణుమాధవ్.

"ఉంది సార్. ఒక్క నిమిషం."

ధన్‌మంది. కిటికీ అద్దాలు గలగలలాడాయి, ఫ్యాను ఊగింది. పైకప్పు నుంచి సున్నమూ దుమ్మూ జలజలా రాలాయి. వేణుమాధవ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"గట్లనే ఉంటది సార్, కూసోండ్రి," అన్నాడు సదానందం తాపీగా.

శాలిని గొంతు సవరించుకుంది. "ఈ మోతలోనే చదివి నేను ఇక్కడే లెక్చరర్‌నయిన సార్. అదే నా జవాబు."

వేణుమాధవ్ వినలేదు. కప్పులోకి చూసి మొహం చిట్లించాడు. "చాయ నిండా దుమ్ము! ఇంకా ఆలోచించడమెందుకు సార్? తరలించమని రాసేయండి."

అందరూ జగదీశ్వర్ వైపు తిరిగారు.

"నా చాయల పడలేదే," అన్నాడాయన, కప్పు మీంచి అరచేయి మెల్లగా తీస్తూ. "సైరన్ కూస్తె మా అవ్వ అన్నం గిన్నె గిట్లనే మూసేది. ఫికర్ చెయ్యకు బిడ్డా, కాలేజీ ఈడనే ఉంటది."